రిజిస్ట్రేషన్ అయిపోయింది కదన్నా!

బెంగళూరులో కొనే తాహతు లేక, రోజూ రైలెక్కి పోయొచ్చినా ఫర్వాలేదని కోలారు జిల్లా రాబర్ట్‌సన్‌పేటలోనో, బంగారుపేటలోనో ఇల్లు వెదుక్కునేవాళ్లను చూస్తే కొందరు బేరగాళ్లకు నోరూరుతుంది. పాత కొంప ఒకటి కొంటారు. గోడలకు పుట్టీ, నేలకు టైల్సు, హాల్లో పీవోపీ సీలింగు. ఖర్చంతా కంటికి కనబడేచోటే. కనబడని బోరు మోటారును మాత్రం మార్చకుండానే అమ్మేస్తారు.

గృహప్రవేశం బంధువులు ఇంకా ఊళ్లకు పోకముందే కొళాయి ఎండిపోతుంది. ఫోను చేస్తే జవాబు సిద్ధం: "రిజిస్ట్రేషన్ అయిపోయింది కదన్నా, ఇంక మాకేం సంబంధం?"

ఎందుకు లేదు సంబంధం? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ చూడండి. ఇల్లు అమ్మితే తాళాలు, తలుపులు, కిటికీలతోపాటు ఆ ఇంట్లో శాశ్వత వాడకానికి అమర్చినవన్నీ కొన్నవాడికి చేరతాయి. బోరులో దించిన మోటారు ఆ లెక్కలోకి రాక ఎక్కడికి పోతుంది? 55వ సెక్షన్ ఇంకా గట్టిది. మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిసుంటే చెప్పి తీరాలి. చెప్పకపోవడం మోసమని ఆ సెక్షనే తేల్చింది. భూమి లోపల వందల అడుగుల కింద ఉన్న మోటారును కొనేవాడు ఏ కళ్లజోడు పెట్టుకుని చూడాలి?

"ఉన్నది ఉన్నట్టు కొన్నాడని పత్రంలో రాయించాం" అని అడ్డం తిరిగేవాళ్లున్నారు. ఉన్నది ఉన్నట్టు అమ్మేవాడు ముందు ఉన్నది చెప్పాలి.

అమ్మేవాడికి లోపం తెలియదంటారా? ఇది కోలారు జిల్లా. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి 2018 నుంచి ఇక్కడి చెరువులకు ఎక్కిస్తున్నారంటే నీటి కరువు ఏపాటిదో తెలుస్తుంది. బోరులో మట్టం పడిపోతే మోటారు ఉత్తగా తిరిగి కాలిపోతుంది. వైండింగు చేయించి దించుతారు, మళ్లీ కాలుతుంది. పైకి తీసిన ప్రతిసారీ పైపులు, మనుషులు, కూలి. ఆ డబ్బు తన జేబులోంచే కట్టినవాడికి దాని ఆయుష్షు తెలియదా? 1902లోనే శివనసముద్రం కరెంటుతో బంగారు గనులు నడిపిన జిల్లా అండీ ఇది! ఇక్కడ యంత్రం సంగతి తెలియదంటే నమ్మేదెవరు?

అమ్మిన నాడు బాగా ఆడి, ఏడాదికి పోయిందంటే అది కొన్నవాడి పాటే. దానికి అమ్మినవాణ్ని పట్టుకోవడం అన్యాయం. నా గొడవ తెలిసి దాచినవాడితో. వాడు మోటారు బాగుచేయించాలి, లేదా ఖర్చు లెక్కకట్టి ఇవ్వాలి. ఇవ్వడు. ఒక్క ఇల్లు అమ్ముకున్నవాడి మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు నిలవడం కష్టం, సివిల్ కోర్టుకు పోతే ఏళ్లు పడుతుంది. వాడి ధైర్యం అదే.

కాబట్టి కొనేవాళ్లూ, అడ్వాన్సు ఇచ్చేముందు మీరే నిలబడి గంటసేపు మోటారు ఆడించండి. ఎన్ని హెచ్‌పీ, ఎంత లోతులో ఉంది, వైండింగు ఎప్పుడు చేయించారు, అన్నీ కరారులో రాయించండి. రాయనన్నవాడి ఇల్లు కొనకండి.