కడుపు శస్త్రచికిత్స: భయం కన్నా జాప్యమే ప్రమాదం

కోనసీమలో కొబ్బరి బస్తాలు మోసే కూలీ గజ్జలోని వాపును ఏళ్ల తరబడి దాచుకుంటాడు. రాజమండ్రిలో ఒక ఇల్లాలు బిర్యానీ తిన్న ప్రతిసారీ కుడి డొక్కలో వచ్చే నొప్పిని ‘గ్యాస్’ అని సరిపెట్టుకుంటుంది. మొదటిది హెర్నియా, రెండవది పిత్తాశయంలో రాళ్లు కావచ్చు. కత్తి అంటే భయమే ఈ జాప్యానికి మూలం.

తరచుగా జరిగే కడుపు శస్త్రచికిత్సల్లో మొదటిది అపెండిక్స్ తొలగింపు. పల్లెల్లో దీన్ని ‘24 గంటల కడుపునొప్పి’ అంటారు. నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు దిగువకు జారుతుంది. ఆకలి చచ్చిపోతుంది, వాంతులు, జ్వరం తోడవుతాయి. అప్పుడు ఆముదం పట్టించరాదు. నొప్పి హఠాత్తుగా తగ్గితే నయమైందని సంబరపడరాదు. అపెండిక్స్ పగిలి ఉండవచ్చు.

పిత్తాశయంలోని రాళ్లు బాధిస్తుంటే ఆ సంచినే తొలగిస్తారు. పిత్తరసం తయారయ్యేది కాలేయంలో కనుక జీర్ణక్రియ ఆగదు. హెర్నియాలో బలహీనపడిన పొట్ట గోడను కుట్టి, అవసరమైతే సన్నని వల అమరుస్తారు. వాపు లోపలికి పోక, గట్టిపడి, వాంతులు మొదలైతే పేగు చిక్కుకున్నట్లు భావించి వెంటనే ఆసుపత్రికి చేరాలి.

చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీ వల్ల నేడు చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే ఇంటికి వస్తున్నారు. మంచానికే అతుక్కోకుండా మెల్లగా నడవాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. మొదట ద్రవాహారం, తర్వాత మెత్తని అన్నం, పప్పుకట్టు తీసుకోవాలి. వేపుళ్లు, ఆవకాయ కొన్నాళ్లు ఆగవచ్చు. మలబద్ధకం రానీయకూడదు. హెర్నియా అయినవారు సుమారు 4 నుంచి 6 వారాలు బరువులెత్తరాదు. జ్వరం, కుట్ల నుంచి చీము, పొట్ట ఉబ్బరం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆలస్యం చేయరాదు.

మూలశంకతో బాధపడుతున్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) నమాజు గురించి అడిగినప్పుడు, నిలబడలేకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చేయమని దైవప్రవక్త (స) బోధించారు. కనుక కుట్లు మానకముందే రుకూ, సజ్దాలకై శరీరాన్ని హింసించనక్కరలేదు. వ్యాధి వల్ల తప్పిన ఉపవాసాలను తర్వాత పూర్తి చేసుకోవచ్చు.

ఖర్చుకు వెరచేవారు కాకినాడ, రాజమండ్రి ప్రభుత్వ బోధనాసుపత్రులను ఆశ్రయించవచ్చు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం అర్హులైన కుటుంబాలకు అనేక శస్త్రచికిత్సల భారం తగ్గిస్తోంది. ప్రాణం దైవమిచ్చిన అమానతు. దాన్ని కాపాడుకోవడానికి వేళకు వైద్యుని గడప తొక్కడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.