ఆ వేడినీళ్ల మీట మనకెందుకు?

ఈమధ్య మా కురిచేడులో పెళ్లిసారెలోకి కూడా వాషింగ్ మెషిన్ వచ్చి చేరింది. (సారె పేరుతో అడిగి పుచ్చుకోవడం వేరే గొడవ, అది ఇంకోసారి మాట్లాడుకుందాం.) బండ మీద దుప్పట్లు బాది బాది నడుములు పోగొట్టుకున్న తరం మాది. ఆ కష్టం కోడళ్లకు తప్పితే అంతకన్నా కావలసిందేముంది? నా పేచీ మెషిన్‌తో కాదు, దాని మీద ఉండే '60 డిగ్రీలు' అనే మీటతో.

మేం ఫ్రంట్ లోడ్ మెషిన్ కొన్నప్పుడు షాపతను పదేపదే చెప్పింది ఒకటే మాట. "ఇందులో హీటరుందమ్మా, వేడినీళ్లతో ఉతుకుద్ది, మురికి ఇట్టే వదులుద్ది." మీ ఇంటికి వచ్చేవి బోరు నీళ్లా, కాలవ నీళ్లా అని మాత్రం అడగలేదు. చెప్పాలని నాకూ తోచలేదు. రెండేళ్లు తిరక్కుండానే హీటరు పోయింది. మెకానిక్ బయటికి లాగి చూపిస్తే కడ్డీ కనబడదే! సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చు.

బకెట్లో వేసే హీటరు కడ్డీకి పట్టేది కూడా అదేగా అని అప్పుడు వెలిగింది నాకు. మా బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. చల్లగా ఉన్నంతసేపూ కరిగి ఉంటాయి. కాగేసరికి విడిపోయి కడ్డీకి అంటుకుంటాయి. పెచ్చు పెరిగేకొద్దీ వేడి నీళ్లలోకి దిగదు, కడ్డీ లోలోపలే మాడిపోతుంది. పశ్చిమ ప్రకాశం అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, బట్టల దగ్గర మన శత్రువులు ఈ లవణాలే. సబ్బు నురగ రాకపోవడం, తెల్లచీర బూడిదరంగుకు తిరగడం వీటి పుణ్యమే.

ఇక కరెంటు. పదిహేను లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి 60కి కాచాలంటే అర యూనిట్ పైనే పడుతుంది. 40 దాకా అయితే అందులో మూడోవంతు చాలు. డ్రమ్ము తిప్పే మోటారుకు అయ్యేది తక్కువే. అంటే వేడినీళ్ల మీట నొక్కిన రోజు మనం కట్టే డబ్బులో పెద్ద వాటా ఉతకడానికి కాదు, కాచడానికి! ఐరోపాలో చలికాలం కుళాయి నీళ్లు చెయ్యి కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. వాళ్లకు కాచక తప్పదు. మనకో? మే నెల మధ్యాహ్నం మిద్దె మీద ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు. ఎండ ఉచితంగా కాచిపెట్టాక మళ్లీ హీటరెందుకు, చెప్పండి?

మా అత్తయ్య ఒప్పుకోదు. "రేవుకాడ సౌడేసి బానలో ఉడకేసేవాళ్లు గదే, అందుకే అట్టా మల్లెపూవుల్లా ఉండేయి" అంటుంది. నిజమే. కానీ ఉడకేసింది తెల్లబట్టల్నీ దుప్పట్లనీ గానీ, రోజూ కట్టే రంగు చీరల్ని కాదుగా! ఇంట్లో జబ్బు మనిషి దుప్పట్లో, పసిపిల్లల గుడ్డలో ఉంటే 60 పెట్టండి, కాదనను. నెలసరి మరకలకు మాత్రం పొరపాటున కూడా వేడినీళ్లు వద్దు. నెత్తురు మరక వేడికి గుడ్డలో బిగుసుకుపోతుంది. ముందు చన్నీళ్లలో జాడించాల్సిందే. కొత్త హీటరు వేయించాక నేను దాన్ని వాడేది నెలకోసారి. బట్టలు వేయకుండా నిమ్మఉప్పు వేసి తిప్పుతాను, పట్టిన పెచ్చు కరిగిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద సంగతి నీళ్లు. ఫ్రంట్ లోడ్ ఒక విడతకు యాభై, అరవై లీటర్లు తాగుతుంది. టాప్ లోడ్ ఆటోమేటిక్‌కైతే నూరు కూడా దాటొచ్చు. ఉతకడానికి కొంచెమే, జాడించడానికే ఎక్కువ. మన లెక్కలో చెప్పాలంటే నాలుగు బిందెలకీ ఏడు బిందెలకీ తేడా. ఆ మూడు బిందెలూ ఎవరు మోస్తారు? సాగర్ కుడికాలవ మా ప్రాంతం మీదుగానే పోతుంది. కాలవ కట్టేసి, బోర్లు అడుగంటిన ఎండాకాలంలో ట్యాంకరు కోసం చెవులు రిక్కించి కూర్చునేదీ, హారన్ వినగానే బిందెలతో పరుగెత్తేదీ మనమే. "మెషిన్ కొనిచ్చాంగా, ఇంకా పనేముంది?" అనే మగమహారాజులు ఒక్క వారం ఆ నీళ్లు పట్టి చూడాలి.

సెమీ ఆటోమేటిక్‌ను పాతకాలపుదని చిన్నచూపు చూస్తాం గానీ, నీళ్లకు కటకటలాడే ఇంటికి అదే నయమంటాను. కుళాయి ధార లేకపోయినా బిందెతో పోసుకోవచ్చు. తెల్లబట్టలు ఉతికిన సబ్బునీళ్లలోనే రంగుబట్టలు, ఆ తర్వాత మసిగుడ్డలు తిప్పొచ్చు. ఆఖరున జాడించిన నీళ్లు బాత్రూము కడగడానికి పనికొస్తాయి.

మా మరిది కూతురికి పెళ్లి కుదిరింది. మెషిన్ చూడ్డానికి నన్నూ రమ్మన్నారు. ఈసారి షాపతను హీటరు మాట ఎత్తేలోపే నేను అడగబోయేవి రెండున్నాయి. విడతకు ఎన్ని లీటర్లు? హీటరు ఆపేసి నడపొచ్చా? చెప్పలేకపోతే పక్క షాపు ఉండనే ఉంది.