కోడలి కంచం

ఈ నెల మా ఇంటి ముచ్చటే రాస్తున్న. చెప్పుకోవాలంటే సిగ్గయితది, అయినా చెప్పాలె.

నిరుడు మా చిన్న కోడలికి మూడో నెలలో సర్కారు దవాఖానలో రక్తం చూసిన్రు. హెపటైటిస్ బి ఉన్నదన్నరు. అది లివర్‌కు పట్టే వైరస్. పిల్ల చూస్తే బాగనే ఉన్నది. కండ్లు పచ్చగా లేవు, జ్వరం లేదు, ఇంటిపని చేసుకుంట బీడీలు చుడుతున్నది. మా ఇంటామె మాత్రం ఆ దినమే కోడలి కంచం, లోటా వేరు పెట్టింది. పిల్ల గడప పక్కన ఒక్కతే కూసుండి తిన్నది. నేను చూసి కూడా నోరు మెదపలేదు.

మళ్ళీ వారం దవాఖానకు పోతే, "ఇంట్లో ఎట్ల చూసుకుంటున్నరమ్మా" అని నర్సమ్మ అడిగింది. పిల్ల ఏడ్చింది. అప్పుడు నర్సమ్మ నన్ను కూసుండబెట్టి చెప్పింది. ఈ వైరస్ కాన్పప్పుడు తల్లి నుంచి బిడ్డకు అంటుతది. ఒకరికి పొడిచిన సూది ఇంకొకరికి పొడిస్తే, ఒకే బ్లేడు ఇద్దరు వాడితే, ఆలుమగల కలయికలో అంటుతది. ఒక్క కంచంలో తింటే అంటదు, దగ్గితే అంటదు, ముట్టుకుంటే అంటదు. "మీరందరు గూడ రక్తం చూపించుకోండ్రి, తాతా" అన్నది.

చూపించుకున్నం. కొడుకుకు లేదు, మా ఇంటామెకు లేదు. నాకు ఉన్నది.

అరవై ఏండ్లు దాటినయి, ఒక్కనాడు గుర్తు కనపడలేదు. ఎక్కడ అంటిందో ఏం చెప్తం? మా చిన్నప్పుడు ఒక్క సూదినే వేడినీళ్ళలో ముంచి వరుసగా అందరికీ పొడిచేటోళ్ళు. మిల్లు భోంగా కొట్టకముందు చాల్ ముందట మంగలి ఒక్క కత్తితోనే పదిమందికి గడ్డం గీసేటోడు. కడుపుబ్బి 42 ఏండ్లకే పోయిన మా పెద్దన్న యాదికొచ్చిండు. కామెర్లని పసరు పోయించినం, చేతికి వాత పెట్టించినం. ఆయనది ఇదే జబ్బో కాదో, రక్తం ఎవరు చూపించిన్రు?

ఆ రాత్రి నా కంచం తీసుకపోయి కోడలి కంచం పక్కన పెట్టుకున్న. మా ఇంటామె కొంచెంసేపు చూసింది. లేచి వచ్చి రెండు కంచాలు తీసి అందరి నడుమ పెట్టింది. ఏం మాట్లాడలేదు.

కొడుకుకు, మా ఇంటామెకు మూడు సూదుల టీకా వేయించినం. కాన్పు దవాఖానలోనే అయింది. ఆడపిల్ల. పుట్టిన 24 గంటల లోపలనే బిడ్డకు టీకా వేసిన్రు, తల్లికి జబ్బు ఉన్నది గనుక ఇంకో రక్షణ సూది కూడా వేసిన్రు. మళ్ళ 6, 10, 14 వారాలకు వేసిన్రు. "పసిగుడ్డుకు అప్పుడే సూదేంది, పురుడైనంక చూద్దాం" అని మన పెద్దోళ్ళు అంటరు. అట్ల అనకండ్రి. పెద్దోళ్ళకు అంటితే 100లో 95 మందికి దానంతటదే పోతది. పుట్టుకతో అంటితే 100లో 90 మంది బిడ్డలకు జన్మంతా ఉండిపోతది. చివరికి లివర్ గట్టిపడి పోవుడు, క్యాన్సర్ అయ్యేది అట్లనే.

ఈ టీకా ఒకప్పుడు బయటి దేశాల నుంచి వచ్చేది, మనలాంటోళ్ళు కొనలేకపోయేటోళ్ళు. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే తయారు చేసింది, ధర దిగింది. ఇప్పుడు పిల్లలకు సర్కారే ఉచితంగా వేస్తది. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, గోలీలు కూడా సర్కారు దవాఖానలో ఉచితం. 2030 లోపల ఈ జబ్బును అణచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుకున్నది. మందున్నది, టీకా ఉన్నది. కానీ కంచం వేరు పెడతరని భయపడి మనోళ్ళు పరీక్షకే పోతలేరు.

నాకు ఇప్పటికి గోలీలు అక్కర్లేదన్నరు. ఆరు నెలలకోసారి రక్తం చూపించుకోవాలె, సారా ముట్టొద్దు అన్నరు. గోలీలు రాసినోళ్ళు మాత్రం తమంతట తాము ఆపకూడదట.

మనుమరాలికి పది నెలలు. ఏడాది నిండినంక రక్తం చూస్తమన్నరు. ఇంకా రెండు నెలలున్నది. ఇప్పుడైతే నా కంచంలోనే చెయ్యి పెట్టి అన్నం కలుపుతున్నది. నేను వద్దంటలేను.