చూపు తెర మీద, వేళ్లు వాటి దారిన

మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే డీటీపీ సెంటర్లలో నిలబడ్డానికి చోటుండదు. పెళ్లికొడుకు మేనమామ కుర్చీ వెనకే నిలబడి, 'మా నాన్నగారి పేరు ముందు కీర్తిశేషులు పడిందా బాబూ' అని మూడోసారి అడుగుతుంటాడు. ఆపరేటరు ఊఁ కొడుతూనే టైపు చేసుకుపోతుంటాడు. ఈసారి అలాంటి చోటికి వెళ్తే అతని చేతులు కాదు, కళ్లు గమనించండి. ఎడంపక్క క్లిప్పు పెట్టిన కాగితం మీద కాసేపు, తెర మీద కాసేపు, అంతే. కీబోర్డు వైపు తల దించడు. దించినా లాభం లేదు. దాని మీదున్నవి ఇంగ్లీషు అక్షరాలు, పడాల్సింది తెలుగు. అనూ ఫాంట్లలో యాపిల్ లేఅవుటు వాడేవాళ్లకు ఏ మీట నొక్కితే ఏ గుణింతం, ఏ ఒత్తు వస్తాయో కీబోర్డు మీద ఎక్కడా రాసి ఉండదు. 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు' అని మేనమామ పైకి చదివేలోపే మూడూ తెర మీదికి వచ్చేసి ఉంటాయి.

ఎన్ని వేళ్లతో కొడతావయ్యా అని అడిగితే అతను ఒక క్షణం ఆగి, తన చేతుల వైపు తనే వింతగా చూసుకుంటాడు. ఆరో ఏడో. చిటికెన వేళ్లకు పెద్దగా పనుండదు. కానీ టైపింగ్ వేగం గురించి మాట వస్తే చాలు, మనం వేళ్ల లెక్కే తీస్తాం. పది వేళ్లూ వాడుతున్నావా? ఏ వేలు ఏ మీట మీద? నన్నడిగితే ఆ చర్చ అంత అవసరం లేదు. అడగాల్సింది ఒకటే: కొట్టేటప్పుడు చూపు ఎక్కడుంది?

టైపు ఇన్‌స్టిట్యూట్ల రోజుల్లో ఈ ప్రశ్నకు జవాబు తేలిగ్గానే దొరికేది. మేడ మీద గది, వరసగా బల్లలు, బల్లల మీద రెమింగ్టన్, ఫేసిట్, గోద్రెజ్ మిషన్లు. మన దేశంలో తయారైన మొదటి టైపు మిషన్ 1955లో గోద్రెజ్ కంపెనీ నుంచే వచ్చింది. మొదటి రోజు పాఠం అందరికీ ఒకటే: ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమీకోలన్ ఎల్ కె జె హెచ్ జె. వారం తిరిగేసరికి ఆ గదిలో చేరినవాళ్లకు నిద్రలోనూ ఇదే పలవరింత. మాస్టారు వెనక తిరుగుతూ 'కింద చూడకమ్మా' అనేవారు. కొందరైతే అట్టముక్క తెచ్చి చేతుల మీద అడ్డం పట్టేవారు. ఇంగ్లీషు లోయరుకు నిమిషానికి 30 పదాలు, హయ్యరుకు 45. పరీక్ష రోజున పిల్లలు ఆటోలో మిషన్‌ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని పాలిటెక్నిక్ కాలేజీకి వెళ్లేవారు. అలవాటైన మిషన్ కాకపోతే చెయ్యి సాగేది కాదు మరి.

ఆ ఇన్‌స్టిట్యూట్లు రెండు సంగతులు కలిపి నేర్పాయి: మీటలు చూడకుండా కొట్టడం, ఏ మీటకు ఏ వేలో ముందే పంచుకోవడం. రెండోదానికి మిషన్ మీద గట్టి కారణం ఉంది. మీట లోతుగా దిగాలి, దెబ్బ సమంగా పడాలి, లేకపోతే ఒక అక్షరం నల్లగా, ఒకటి వెలిసిపోయినట్టు వస్తుంది. రెండు కడ్డీలు ఒకేసారి లేస్తే చిక్కుపడతాయి. ల్యాప్‌టాప్ మీద ఆ బాధలేవీ లేవు. మీట మిల్లీమీటరో రెండో దిగితే చాలు. కారణం పోయినా నియమం మాత్రం శాస్త్రంలా మిగిలిపోయింది.

చూడకుండా కొట్టడం ఎంత లాభమో లోకానికి తెలిసింది 1888 జులై 25న, అమెరికాలోని సిన్సినాటిలో. ఫ్రాంక్ మెక్‌గరిన్ సాల్ట్ లేక్ సిటీలో కోర్టు స్టెనోగ్రాఫరు. రెమింగ్టన్ మీద మీటలన్నీ కంఠస్థం చేసుకున్నవాడు. ఎదురు నిలిచిన లూయీ ట్రౌబ్ సిన్సినాటిలోనే టైపు పాఠాలు చెప్పే మనిషి. అతని కాలిగ్రాఫ్ మిషన్‌కు పెద్ద అక్షరాలకు, చిన్న అక్షరాలకు వేర్వేరు మీటలు. కాబట్టి చూసి కొట్టాలి. పందెం 500 డాలర్లు. మొదట ఒకరు చదువుతుంటే కొట్టాలి, తర్వాత కాగితం చూసి ఎత్తిరాయాలి. రెండింట్లోనూ మెక్‌గరినే గెలిచాడు. అసలు విశేషం ఆ రెండో భాగంలో ఉంది. ఎత్తిరాసేటప్పుడు ట్రౌబ్ ఇంకా వెనకబడ్డాడు. కాగితం మీంచి మీటల మీదికి, మీటల మీంచి కాగితం మీదికి చూపు తిరగడానికే అతని సమయం ఖర్చయింది. మెక్‌గరిన్ చూపు కాగితం మీంచి కదల్లేదు.

ఇక వేళ్ల సంగతి. ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో 30 మందిని కూర్చోబెట్టి, వేలి కదలికలన్నీ కెమెరాలతో పట్టి చూశారు. శిక్షణ పొందినవాళ్లతో సమానంగా, సొంతంగా నేర్చుకుని తక్కువ వేళ్లతో కొట్టేవాళ్లలోనూ వేగమున్నవాళ్లు తేలారు. వాళ్లలో కలిసిన లక్షణాలు వేరే: ఒక మీటకు ఎప్పుడూ ఒకే వేలు వాడతారు, చేతుల్ని అటూ ఇటూ పరిగెత్తించరు. సొంతంగా నేర్చుకున్నవాళ్లకు ఒక్క నష్టం మాత్రం ఉంది. శిక్షణ ఉన్నవాళ్లకంటే దాదాపు రెట్టింపు సేపు చేతుల వైపు చూస్తారు. 2018లో అదే విశ్వవిద్యాలయం కేంబ్రిడ్జితో కలిసి 1,68,000 మంది టైపింగ్‌ని, 13 కోట్ల 60 లక్షల మీట దెబ్బల్ని లెక్కగట్టింది. సగటు వేగం నిమిషానికి 52 పదాలు. బాగా వేగంగా కొట్టేవాళ్లు ఒక మీట మీంచి వేలు పూర్తిగా లేవకముందే తర్వాతి మీట నొక్కేస్తున్నారట. మృదంగం మీద కుడిచేయి లేచేలోపే ఎడమచేయి పడినట్టు. ఇది ఎవరో నేర్పితే వచ్చింది కాదు, ఎవరికి వారు పట్టుకున్న కిటుకు.

ఇదంతా ఇంగ్లీషు సంగతి కదా, మనకేంటి అంటారా? అక్కడికే వస్తున్నాను. తెలుగులో మనం నెమ్మదిగా కొట్టడానికి కారణం మన లిపి కష్టమని చాలామంది నమ్మకం. ఒత్తులు, గుణింతాలు, సంయుక్తాలు అంటారు. నేను ఒప్పుకోను. మనం టైపు చేసే పద్ధతే మాటమాటకూ చూపును లాగేస్తోంది.

ఇప్పుడు ఎక్కువమంది చేసేది ఇంగ్లీషు అక్షరాల్లో ఉచ్చారణ కొట్టడం, కింద వచ్చే జాబితాలోంచి తెలుగు మాట ఏరుకోవడం. కె ఎ ఎల్ ఎ అని కొట్టండి. కల కావచ్చు, కళ కావచ్చు, కాల కావచ్చు, కాలా కూడా కావచ్చు. మీ మనసులో ఏముందో యంత్రం ఊహించాలి, అది సరిగ్గా ఊహించిందో లేదో మీరు చూడాలి. మాటకొకసారి ఆగి, జాబితా చదివి, ఏరి, ముందుకు కదలాలి. ట్రౌబ్ కాగితానికీ మీటలకూ మధ్య తిరిగితే, మనం వాక్యానికీ జాబితాకూ మధ్య తిరుగుతున్నాం. ఫోన్ల మీదా ఇంతే. 2019లో ఆల్టో వాళ్లే 37,000 మంది ఫోన్ టైపింగ్ పరిశీలించారు. రెండు బొటనవేళ్లతో కొట్టేవాళ్లు నిమిషానికి సగటున 38 పదాలు అందుకున్నారు. తప్పు దానంతటదే సరిదిద్దుకునే ఏర్పాటు వేగానికి పనికొచ్చింది. పైన కనిపించే మాటల్లోంచి ఏరుకోవడం మాత్రం కలిసి రాలేదు. ఏరే సమయంలో కొట్టేయొచ్చు.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవాళ్ల మీద నాకు కోపమేమీ లేదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో మన తెలుగు విద్యార్థులు కట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి, దాని మీద నడిచిన లేఖిని వెబ్‌సైటు లేకపోతే తెలుగు బ్లాగులు అంత జోరుగా పుట్టేవి కావు, తెలుగు వికీపీడియా అంత పెరిగేదీ కాదు. పైగా ఆర్‌టీఎస్‌లో ఊహాగానం లేదు. కళ అంటే ఎల్ పెద్దది, కాల అంటే ఎ రెండుసార్లు. నియమం వస్తే కళ్లు మూసుకుని కొట్టొచ్చు. చిక్కు జాబితాతోనే. అయితే ఆర్‌టీఎస్‌లోనూ ఒక దండగ ఖర్చుంది. 'కమల' అని కొట్టడానికి ఆరు మీటలు కావాలి, ఎందుకంటే ప్రతి హల్లు వెనకా 'అ'కారాన్ని పనిగట్టుకుని రాయాలి. తలకట్టుతోనే పుట్టిన అక్షరానికి మళ్లీ తలకట్టు పెట్టడమన్నమాట.

ఇన్‌స్క్రిప్ట్‌లో 'కమల'కు మూడే మీటలు. ఇది 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం భారతీయ లిపులన్నిటికీ కలిపి ఖాయం చేసిన లేఅవుటు. విండోస్‌లో 2001 నాటి ఎక్స్‌పీ కాలం నుంచీ గౌతమి ఫాంటుతో పాటే ఉంది, ఏ డబ్బూ కట్టక్కర్లేదు. దాని అమరిక ఒకసారి దగ్గర్నుంచి చూడాలి. అచ్చులు, గుణింతాలు ఎడమచేతి కింద, హల్లులు చాలావరకు కుడిచేతి కింద. అడుగు వరసలో మ, న, వ మాత్రం ఎడమవైపుకి జారాయి. హల్లు మీట షిఫ్టుతో నొక్కితే చాలాచోట్ల దాని ఒత్తక్షరం: క దగ్గరే ఖ, త దగ్గరే థ, ప దగ్గరే ఫ. ఎడమచేతి నడిమి వేలి కింద పొల్లు. ఒత్తు కావాలంటే హల్లు, పొల్లు, హల్లు.

'స్త్రీ' రాసి చూడండి. స కుడిచేయి, పొల్లు ఎడమ, త కుడి, పొల్లు ఎడమ, ర కుడి, దీర్ఘం ఎడమ. ఆరు దెబ్బలు, చేతులు ఒకదాని తర్వాత ఒకటి. 'తెలుగు' కూడా అంతే: కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒక వేలు లేవకముందే రెండో వేలు పడే కిటుకుకు ఇంతకంటే అనువైన అమరిక దొరకదు. భయపెట్టే సంయుక్తాక్షరమే ఇక్కడ చేతికి హాయిగా ఉంటుంది. మామూలు క్వెర్టీ కీబోర్డు మీద ఇంగ్లీషు కొట్టేవాడికి ఈ సుఖం లేదు. తన కొత్త కీబోర్డు అమరికకు 1936లో పేటెంటు తెచ్చుకున్న డ్వొరాక్ కూడా అచ్చులన్నీ ఎడమవైపు పెట్టి ఈ సుఖం కోసమే ప్రయత్నించాడు. అమెరికా వినలేదు. మనకు ఆయన అడిగినటువంటిదే ఊరికే దొరికింది, మనమూ వాడటం లేదు.

వేగం కొలతలోనూ తెలుగుకు అన్యాయం జరుగుతోంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ టైపు పరీక్షలో ఇంగ్లీషుకు నిమిషానికి 35 పదాలు కావాలి, అంటే గంటకు 10,500 మీట దెబ్బలు. పదానికి సగటున ఐదు దెబ్బలన్న లెక్క. మన 'వెళ్లాల్సివచ్చింది' ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్టు లెక్కేయకుండానే 18 దెబ్బలు. ఆ కొలతతో మూడున్నర పదాల పైమాట, మన కంటికి ఒక్క మాటే. కాబట్టి ఎవరైనా 'తెలుగులో నాకు నిమిషానికి పదిహేను పదాలే వస్తాయి' అని చిన్నబోతే, వాళ్లు దెబ్బలు లెక్కపెట్టుకోవాలి.

రోజుకు నాలుగు వాట్సాప్ కబుర్లు రాసేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు. వాళ్లకు 2017 నుంచీ గూగుల్‌లో తెలుగు చెబితే రాసిపెట్టే సౌకర్యం ఉంది. బస్సులో అత్తగారి మీద ఫిర్యాదు చెప్పాలంటేనే ఇబ్బంది. నేను చెబుతున్నది తెలుగు రాయడమే పనిగా ఉన్నవాళ్లకు: విలేకరులు, టీచర్లు, దస్తావేజు రాసేవాళ్లు, కోర్టు గుమస్తాలు. డీటీపీ ఆపరేటర్లకు కూడా, ఎందుకంటే అనూ ఫాంట్లలో కొట్టింది ఉన్నదున్నట్టు ఫోన్లోకి తెస్తే పిచ్చిగీతలవుతుంది. అంత వేగమూ ఆ షాపు గడప దాటదు. బడుల్లో కంప్యూటర్ గది తాళం తీసిన రోజున పిల్లలకు రంగులేయడం నేర్పుతారు, తెలుగు కొట్టడం నేర్పే పీరియడు ఉండదు. తెలుగు వాచకం చెప్పే టీచరు ఆ గదిలోకి అడుగుపెట్టడమే అరుదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. మొదటి రెండు వారాలు విసుగొస్తుంది, పాత పద్ధతిలో గంటలో అయ్యే పని మూడు గంటలు పడుతుంది. గడువు ఉన్న పని దీని మీద పెట్టుకోవద్దు. కొత్త వ్యాసం కాకుండా నోటికి వచ్చింది కొట్టండి: వేమన పద్యాలో, తిథులో, ఇంటి అడ్రసో. ఏం రాయాలన్న ఆలోచన లేనప్పుడే చెయ్యి దారి నేర్చుకుంటుంది. ఏ వేలు వాడినా మీ ఇష్టం, కానీ ఒక మీటకు ఒక వేలు ఖాయం చేసుకోండి. మణికట్టు బల్ల అంచుకు ఆనించవద్దు, నొప్పి మొదలైతే అంత త్వరగా వదలదు. విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కితే భాష మారుతుంది. ఇంగ్లీషులోనే ఉందని తెలియక రెండు లైన్లు కొట్టేశాక గుర్తించారంటే, ఆ రెండు లైన్లూ మీరు తెర చూడలేదన్నమాట.

ఆన్‌లైన్లో తెలుగు అక్షరాల స్టిక్కర్లు అమ్ముతున్నారు, మీటల మీద అంటించుకోవడానికి. కొనకండి. అంటించిన రోజు నుంచీ తల కిందికే వంగి ఉంటుంది. లేఅవుటు బొమ్మ ఒక కాగితం మీద ప్రింటు తీసుకుని, తెర పక్కన గోడకు, కంటి ఎత్తులో అంటించుకోండి. కాగితం ఖర్చు రెండు రూపాయలు.