పాత కారుకు కొత్త పెట్రోలు.. నష్టం ఎవరి ఖాతాల?

ఊర్లల్ల ఇప్పుడు సెకండ్ హ్యాండ్ సెడాన్లు మస్తు కనవడుతున్నయి. 2014, 2015 నాటి సియాజ్ అసొంటివి. పొడుగు నాలుగున్నర మీటర్ల దాకా ఉంటది, పెట్రోలు ఇంజిన్ మాత్రం 1373 సీసీనే. అంత బండికి గింతే ఇంజినా అని నవ్వేటోళ్లు ఉంటరు. కానీ మనోళ్లు కొన్నదే అందుకు. అమ్మను దవాఖానకు తీస్కపోవాలె, పెండ్లికి ఇంటిల్లిపాది పోవాలె, డిక్కీల రెండు బస్తాలు పట్టాలె. అయినా పెట్రోలు ఎక్కువ తాగొద్దు. ఇదీ లెక్క.

ఆ లెక్కనే ఇప్పుడు తప్పుతున్నది. బంకుల పోసేది ఈ20, అంటే లీటరుల 20 శాతం ఇథనాల్. మొదలు 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని 2025లనే అందుకున్నమని కేంద్రం గొప్పగ చెప్తున్నది. ఇథనాల్‌ల శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. అందుకే ఈ20 కోసం తయారు కాని బండ్లకు మైలేజీ 3 నుంచి 6 శాతం తగ్గుతదని సర్కారే ఒప్పుకున్నది. కొన్ని పాత బండ్లకు 20, 30 వేల కిలోమీటర్లు తిరిగినంక రబ్బరు భాగాలు మార్చాల్సి రావొచ్చని కూడా చెప్పింది.

లెక్క వేస్కోండ్రి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 16 ఇస్తే 62 లీటర్ల పైన పడుతది. 5 శాతం తగ్గితే ఇంకో మూడు లీటర్ల పైన పొయ్యాలె. లీటరు 107 రూపాయలు అనుకున్నా, ఏడాదికి నాలుగు వేల పైమాటే. కారున్నోళ్లకు ఇదో లెక్కనా అంటరేమో. మరి పాత బైకుల పోసేది కూడా ఇదే పెట్రోలు కదా?

ఇథనాల్‌తోని మక్క రైతుకు గిరాకీ పెరిగింది, విదేశీ చమురు ఖర్చు కొంత తగ్గుతది. అది కాదనలేం. కానీ గా ఇథనాల్ ఫ్యాక్టరీ మా నీళ్లు, గాలి పాడుచేస్తదని నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడ ప్రజలు రోడ్డెక్కిన్రు. దిలావర్‌పూర్‌ల 2024 నవంబర్‌ల జనం కదిలితేనే పనులు ఆగినయి. అంటే ఫ్యాక్టరీ భయం మన ఊరికే, మైలేజీ నష్టం మన జేబుకే. లీటరు ధర మాత్రం ఒక్క రూపాయి తగ్గలే.

ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాట్ల ఉంచాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. కోర్టు తలుపు మూసుకుంటే అడుగుడు ఆపాల్నా? మనం ఇథనాల్ వద్దనుడు కాదు. పాత బండ్లకు ఈ10 కూడా దొరకాలె, లేకుంటే తగ్గిన మైలేజీకి తగ్గట్టు ధర తగ్గాలె. ఫ్యాక్టరీ పెట్టే ముందు ఊరిని అడగాలె.

తమ్ముళ్లూ, పాత కారు కొనేటప్పుడు పెయింటు మెరుపు చూసి మోసపోకుండ్రి. బండితోని వచ్చే పుస్తకంల ఏ పెట్రోలు రాసి ఉన్నదో చదవుండ్రి. పెట్రోలు పైపులు, రబ్బర్లు మెకానిక్‌తోని చూపించుకోండ్రి. అటెన్క, ఓట్లకొచ్చే నాయకున్ని గీ లెక్క అడుగుండ్రి.