రైటు సోదరుల చెల్లెలు



మొన్న సాయంకాలము మా చిన్నది “రైటు సోదరులు విమానమును నిర్మించిరి” అని పాఠము వల్లించుచు, “అమ్మా! వారికి అక్కచెల్లెండ్రు లేరా?” యని యడిగెను. ఆ ప్రశ్నమునకు ప్రత్యుత్తరమే యీ మాసపు వ్యాసము.

విల్బరు, ఆర్విల్లు అనువారు అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున డేటను పురవాసులు. వారి తల్లి సుసాను బండ్లు చేయువాని కూతురు. పనిముట్లు పట్ట నేర్చినది. బిడ్డలకు ఆటవస్తువులు తానే చేసి యిచ్చెడిది. ఆమె 1889లో క్షయరోగమున గతించునప్పటికి కడగొట్టు బిడ్డ కాతరీనుకు పదునైదేండ్లు నిండలేదు. ఇంటి భార మా బాలికపై బడెను. అయినను చదువు విడువక, 1898లో ఓబర్లిను కళాశాలలో పట్టము వడసి, డేటను ఉన్నత పాఠశాలలో లాటిను భాష బోధించెను. అన్నలిరువురు కళాశాల మెట్లెక్కినవారు కారు.

వారికి సైకిళ్ల యంగడి జీవనాధారము. బలమైన యంత్రమున్న జాలునని పెక్కండ్రు తలచుచుండ, గాలిలో ఒరిగిపోక నిలుచుటయే కష్టమని వీరు గ్రహించిరి. సైకిలు తొక్కువానికి ఆ మర్మము తెలియును గదా! రెక్కల కొనలను మెలిపెట్టి తూకము నిలుపు నుపాయము కనుగొనిరి. 1901లో గాలి వీచు పెట్టె నొకదానిని చేసి, అందు చిన్న రెక్కల ననేకముగా పరీక్షించిరి. రెక్కల గుడ్డను కుట్టుమిషనుపై తామే కుట్టుకొనిరి.

1903 డిసెంబరు 17వ తేదీన కిట్టీహాకు చెంతనున్న యిసుకదిబ్బలయొద్ద ఆర్విల్లు 12 సెకండ్లలో 120 అడుగులు ఎగిరెను. ఆనాటి నాలవమారు విల్బరు 59 సెకండ్లలో 852 అడుగులు పోయెను. శుభవార్త తంతిద్వారా ఆ సాయంకాలమే యింటికి జేరెను.

1908 సెప్టెంబరులో వాషింగ్టను చెంత ఆర్విల్లు నడపుచున్న విమానము కూలెను. వెంట నున్న సెల్ఫ్రిడ్జి యను సైనికోద్యోగి మరణించెను. ఆర్విల్లు తొడయెముకయు ప్రక్కటెముకలును విరిగెను. కాతరీను బడి విడిచి పరుగున వచ్చి, వారములకొలది వైద్యశాలలో అన్న మంచమును కనిపెట్టి యుండెను. మరల నామె ఉపాధ్యాయినిగా పనిచేయలేదు. 1909లో ఫ్రాన్సుదేశమున విల్బరుతో గూడ తానును ఆకాశమున విహరించెను.

1912లో విల్బరు సన్నిపాతజ్వరమున మరణించెను. పిదప పదునాలుగేండ్లు ఆమె ఆర్విల్లు గృహమును నడపెను. 1926లో, తన యేబదిరెండవ యేట, చిరకాల మిత్రుడైన హాస్కెలు అను పత్రికారచయితను వివాహమాడెను. ఆర్విల్లు దానిని ద్రోహముగా నెంచి, పెండ్లికి రాలేదు; మాటలు మానెను. 1929లో ఆమె ఊపిరితిత్తుల జ్వరమున అవసానదశ నుండగా మాత్రము, ఇతరుల ప్రేరణచే వచ్చి చూచెను.

సోదరీమణులారా! అన్న ప్రతిభను తక్కువచేయుట నా యభిమతము కాదు. కాని, ఆమె చేసిన సేవ నంతయు తనకు రావలసిన బాకీగా నెంచిన యా మనసును నేను క్షమింపజాలకున్నాను. మన యిండ్లలో మనకై చదువు మానిన, ఉద్యోగము మానిన యాడుబిడ్డ యొకతె యున్నచో, ఆమెకును ఒక కోరిక యుండునేమోయని నేడే యడిగి చూడుడు.