పాట ఎవరి సొత్తు?

రాప్ అనగానే మనలో చాలామందికి ఆడదాన్ని వస్తువుగా చూపే మాటలే గుర్తొస్తాయి. ఆ విమర్శ న్యాయమైనదే. కానీ అక్కడే ఆగిపోతే మరో ప్రశ్న మరుగున పడిపోతుంది. ఒక ఆడపిల్లే రాప్ రాసి పాడితే, ఆ పాట మీద హక్కు ఎవరిది?

కాలిఫోర్నియాలోని తెలుగు కుటుంబంలో పుట్టిన శ్వేతా యల్లాప్రగడ రావు, రాజకుమారి పేరుతో ప్రసిద్ధి పొందింది. ఫాల్ ఔట్ బాయ్ బృందం 2014లో విడుదల చేసిన 'సెంచరీస్' పాట రచయితల్లో ఆమె ఒకరు. 2016లో 'మ్యూట్'తో రాపర్‌గా ముందుకొచ్చింది. 2017లో ముంబై రాపర్ డివైన్‌తో కలిసి చేసిన 'సిటీ స్లమ్స్'తో మన దేశంలోనూ పేరు మోగింది. తర్వాత 'గాడ్‌మదర్ రికార్డ్స్' అనే సొంత సంస్థ పెట్టుకుంది. ఆమె పాట కన్నా ఈ అడుగే నాకు ముఖ్యమనిపిస్తుంది. పాడటం ఒకటి, పాడినదానికి యజమాని కావటం మరొకటి.

న్యాల్‌కల్ లాంటి చోట ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇసుర్రాయి దగ్గర, కలుపు చేలో, బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు తరతరాలుగా కట్టిన పాటలకు చట్టం దృష్టిలో యజమాని లేడు. వాటిని రికార్డు చేయించిన వ్యక్తికి మాత్రం ఆ రికార్డింగు మీద హక్కు వస్తుంది. పాడిన అమ్మకు మిగిలేది తరచూ చప్పట్లే. రేపు ఆమె మనవరాలు ఫోనులో రాప్ కట్టి పాడినా ఇదే జరగాలా?

చట్టం మరీ అంత నిస్సహాయంగా లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమాహాలు ప్రదర్శన మినహా, పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉంటుంది. కంపెనీ రాయించుకున్నా ఆ వాటా పోదు. వ్యాపారానికి వాడితే గాయనికి కూడా రాయల్టీ రావాలి. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. గడువు రాయకపోతే అది అయిదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల చేసుకున్న ఒప్పందం చెల్లదు. కనుక సంతకం తండ్రి చేతికి పోతుంది, డబ్బూ ఆయన ఖాతాకే చేరుతుంది. కూలి డబ్బుల విషయంలో మనం ఏళ్ల తరబడి పోట్లాడింది దీని గురించే కదా! పాటకూడా శ్రమే. దానికి కూలి లెక్క ఉండాలి.

దారి చూపినవాళ్లు మన పక్కనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియోను నడిపింది దళిత మహిళలే. మైకు మాత్రమే కాదు, ఏది ప్రసారం చేయాలన్న నిర్ణయం కూడా వాళ్ల చేతుల్లోకి వచ్చింది.

అందుకే సంఘాలు, న్యాయ సహాయ శిబిరాలు నడిపేవాళ్లు భూమి పట్టా, కూలి రేటుతోపాటు పాట ఒప్పందాన్నీ చర్చకు పెట్టాలి. కాగితాన్ని సమావేశంలో బిగ్గరగా చదవాలి. ఖాతా పిల్ల పేరు మీద తెరిపించాలి. ఆడపిల్ల గొంతెత్తితే సంతోషించటం సులువు. ఆ గొంతు అమ్ముడుపోకుండా కాపలా కాయటమే మన పని.